మంచానపడిన రోగుల మలమూత్రాలను తొలగించే చూషణ పరికరాలు

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- మలమూత్రాలు చర్మంపై నిలిచి ఉంటే జరిగే హానిని కారణాలతో వివరించగలుగుతారు.
- చూషణ పరికరం పనిచేసే భౌతిక సూత్రాన్ని చెప్పగలుగుతారు.
- వివిధ రకాల పరికరాల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
- ఒక ఇంటికి అలాంటి పరికరం అవసరమా, కాదా అన్నది లెక్క వేసి నిర్ణయించగలుగుతారు.

5.1 ఉపోద్ఘాతం

ఉద్యోగ విరమణకు కొద్దిముందు మా అమ్మ పక్షవాతంతో మంచానపడింది. కొత్తవలసలో మా ఇంట్లోనే రెండేళ్లకు పైగా ఉంది. ఆమెను చూసుకోవడానికి పక్క ఊరి నుంచి ఒకామె వచ్చేది. పనిలో చేరిన నెల రోజులకు ఆమె నాతో ఒక మాట అంది: "మాస్టారూ, అమ్మగారు నీల్లు తాగడం నేదండి. దాహం నేదంటన్నారు గాని, అది కాదండి." అసలు సంగతి తరువాత తెలిసింది. తాగితే మూత్రం వస్తుంది, మూత్రం వస్తే ఎవరో ఒకరు వచ్చి బట్టలు మార్చాలి. ఆ ఇబ్బంది మాకు కలగకూడదని అమ్మ దాహాన్ని చంపుకొంటూ వచ్చింది.

మంచానపడినవారి సంరక్షణలో అందరూ మొదట మందుల గురించి, తరువాత ఆహారం గురించి మాట్లాడతారు. మలమూత్రాల గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు, లేదా అసలు మాట్లాడరు. కాని రోగి గౌరవం, చర్మం, మూత్రపిండాలు, సేవ చేసేవారి నడుం, నిద్ర అన్నీ ఈ ఒక్క విషయంతో ముడిపడి ఉంటాయి. అందుకే ఈ భాగంలో దీన్నే ప్రధాన విషయంగా తీసుకొన్నాం. మలమూత్రాలను గొట్టం ద్వారా లాగి తొలగించే పరికరాలు ఎలా పనిచేస్తాయో, అవి చేయగలిగినదేమిటో, చేయలేనిదేమిటో తెలుసుకొందాం.

5.2 సమస్య స్వరూపం

5.2.1 చర్మానికి జరిగే హాని

ఆరోగ్యకరమైన చర్మపు పైపొర కొద్దిగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. దాని పీహెచ్ విలువ సుమారు 4 నుంచి 6 మధ్య ఉంటుంది. ఈ ఆమ్లగుణమే సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. మూత్రంలో యూరియా ఉంటుంది. మూత్రం చర్మంపై నిలిచి ఉంటే బాక్టీరియా ఆ యూరియాను విడగొట్టి అమ్మోనియాను తయారుచేస్తుంది. అమ్మోనియా క్షారం కాబట్టి చర్మం తన ఆమ్లగుణాన్ని కోల్పోతుంది. మలంలో ప్రొటీన్లను, కొవ్వులను జీర్ణంచేసే ఎంజైములు ఉంటాయి. క్షారగుణం పెరిగినప్పుడు ఆ ఎంజైములు మరింత చురుకుగా పనిచేసి చర్మాన్నే తినడం మొదలుపెడతాయి. కాబట్టి మూత్రం, మలం విడివిడిగా చేసే హాని కంటే రెండూ కలిసి చేసే హాని ఎక్కువ.

తడికి చర్మం నానుతుంది. నానిన చర్మం దుప్పటికి రాసుకొంటే తేలికగా చిట్లుతుంది. దీనికి తోడు నడుం కింద, పిరుదుల దగ్గర ఎముకకూ పరుపుకూ మధ్య కండరం నలిగి రక్తప్రసరణ తగ్గుతుంది. తడి, రాపిడి, ఒత్తిడి కలిసినచోట పడక పుండు పుడుతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి: చూషణ పరికరం తడిని మాత్రమే తగ్గిస్తుంది. ఒత్తిడిని తగ్గించదు. ఎంత మంచి యంత్రం ఉన్నా రోగిని సుమారు రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పవలసిందే.

5.2.2 నీళ్లు తాగకపోవడం వల్ల జరిగే హాని

నీరు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. మలబద్ధకం వస్తుంది. వృద్ధులలో తికమక, మగత కనిపిస్తాయి. ఇంట్లోవారు దాన్ని మతిమరుపు అనుకొంటారు. కాబట్టి ఏ పరికరాన్ని అంచనా వేసినా అడగవలసిన మొదటి ప్రశ్న "దీనివల్ల పరుపు పొడిగా ఉందా?" అన్నది కాదు, "దీనివల్ల ఈ మనిషి భయం లేకుండా నీళ్లు తాగుతున్నారా?" అన్నది.

5.2.3 సేవ చేసేవారి భారం

పెద్దవారు రోజుకు సుమారు 1 నుంచి 2 లీటర్ల మూత్రం విసర్జిస్తారు. ఒక్కోసారి 200 నుంచి 400 మిల్లీలీటర్ల వరకు వస్తుంది. అంటే రోజుకు ఐదారు సార్లు, అందులో రాత్రిపూట ఒకటి రెండు సార్లు శుభ్రం చేయాలి. ప్రతిసారీ రోగిని పక్కకు ఒరిగించి, ఎత్తి, తుడిచి, గుడ్డ మార్చాలి. మన ఇళ్లలో ఈ పని దాదాపు ఎప్పుడూ కోడలిదో, కూతురిదో, భార్యదో అవుతుంది. ఆమె నిద్ర, ఆమె నడుం నొప్పి ఏ ఖాతాలోనూ ఎక్కవు.

5.3 చూషణం: భౌతిక సూత్రం

కొబ్బరిబొండంలో స్ట్రా వేసి పీల్చినప్పుడు నీటిని మనం "లాగుతున్నాం" అనుకొంటాం. నిజానికి మనం స్ట్రాలోని గాలి పీడనాన్ని తగ్గిస్తాం, అంతే. బొండంలోని నీటిపై ఉన్న వాతావరణ పీడనం ఆ నీటిని స్ట్రాలోకి నెడుతుంది. 1643లో టొరిసెల్లి పాదరసంతో చేసిన ప్రయోగం వాతావరణానికి పీడనం ఉందని చూపింది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం సుమారు 760 మిల్లీమీటర్ల పాదరస స్తంభానికి సమానం. చూషణ యంత్రాల బలాన్ని కూడా ఇదే కొలతలో చెబుతారు. "40 మి.మీ. చూషణ" అంటే గొట్టంలోని పీడనం బయటి పీడనం కంటే 40 మి.మీ. పాదరసం మేర తక్కువగా ఉన్నదని అర్థం.

ఉదాహరణ: 40 మి.మీ. చూషణ నీటిని ఎంత ఎత్తుకు లేపగలదు?
పాదరసం నీటికంటే 13.6 రెట్లు సాంద్రమైనది. కాబట్టి 40 × 13.6 = 544 మి.మీ., అంటే సుమారు 54 సెంటీమీటర్లు.

మూత్రం సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క దానికీ వర్తిస్తుంది. దీని నుంచి పనికివచ్చే ఒక నియమం వస్తుంది. యంత్రపు పాత్రను మంచం కంటే ఎత్తైన బల్లమీద పెడితే చూషణబలంలో చాలా భాగం ద్రవాన్ని పైకి లేపడానికే ఖర్చవుతుంది. మంచం కంటే కింద పెడితే గురుత్వాకర్షణ కూడా సాయం చేస్తుంది.

రెండవ నియమం గాలికి సంబంధించినది. స్ట్రాకు చిల్లు పడితే ఎంత పీల్చినా నీరు రాదు, గాలి వస్తుంది. గొట్టాల కీళ్ల దగ్గర, పాత్ర మూత దగ్గర గాలి చొరబడితే యంత్రం శబ్దం చేస్తుంది కాని పని చేయదు. మూడవ నియమం దీనికి వ్యతిరేక దిశలో ఉంటుంది, కాని ఇదే ముఖ్యమైనది. శరీరానికి తగిలే కొన దగ్గర గాలి పోవడానికి దారి తప్పక ఉండాలి. ఆ కొన చర్మానికి పూర్తిగా అతుక్కొని దారి మూసుకుపోతే లోపలికి గాలి రాదు. పంపు ఆగదు కాబట్టి పీడనం తగ్గుతూ తగ్గుతూ పంపు చేరగల చివరి హద్దు దాకా పోతుంది. ఆ బలమంతా చర్మంమీద పడుతుంది.

ఈ మూడవ నియమాన్ని నేను తరగతిలో చెప్పాను, ఇంట్లో మరిచాను. అమ్మకు కఫం తీయడానికి తెచ్చిన చూషణ యంత్రం ఉండేది. మూత్రానికీ అదే ఎందుకు పనికిరాదు అనుకొని, గొట్టం కొనకు మెత్తని గుడ్డ చుట్టి, ఎలా అమర్చాలో చూసుకొనే ఆమెకు చెప్పాను. అరగంటలో ఆమె దాన్ని తీసేసింది. గుడ్డ జారి గొట్టం నోరు తొడ లోపలి చర్మానికి అతుక్కొని గుండ్రని ఎర్రమచ్చ పడింది. పక్షవాతం వచ్చిన వైపు కావడంతో అమ్మకు నొప్పి తెలియలేదు. పీడనం గురించి దశాబ్దాలపాటు పాఠం చెప్పినవాణ్ని. ఆ మచ్చను మొదట చూసింది మాత్రం చదువుకోని ఆమె. కఫం తీసే యంత్రాలలో 600 మి.మీ. దగ్గరి వరకు లాగగలవి ఉన్నాయి. వాటిని శిక్షణ పొందినవారు అవసరమైన హద్దుకు తగ్గించి, కొన్ని సెకన్లపాటు మాత్రమే వాడతారు. గంటల తరబడి చర్మానికి ఆనించి ఉంచడానికి అవి తయారుకాలేదు.

5.4 పరికరాల రకాలు

(అ) చూషణం లేని సేకరణ సాధనాలు: పురుషులకు తొడుగులా అమర్చి గొట్టం ద్వారా సంచికి కలిపే కండోమ్ కాథెటర్ ఈ రకానికి చెందుతుంది. ఇందులో ద్రవం గురుత్వాకర్షణ వల్లనే కిందికి దిగుతుంది. పంపు అవసరం లేదు, ఖర్చు తక్కువ. తొడుగు బిగుతుగా ఉంటే రక్తప్రసరణ ఆగుతుంది కాబట్టి సరైన కొలత ముఖ్యం. ఆసుపత్రులలో నీళ్లలాంటి విరేచనాలకు పురీషనాళంలో అమర్చే మెత్తని గొట్టాలూ గురుత్వాకర్షణతోనే పనిచేస్తాయి. వాటిని వైద్య సిబ్బంది మాత్రమే అమర్చాలి. వాటికి ఇంట్లో చూషణ యంత్రాన్ని తగిలించకూడదు.

(ఆ) స్త్రీలకు బాహ్య చూషణ సాధనాలు: స్త్రీల శరీర నిర్మాణం వల్ల తొడుగు పద్ధతి కుదరదు. అందువల్ల చాలాకాలం మూత్రాశయంలోకి గొట్టం వేయడమో, డైపరు వాడటమో తప్ప వేరే దారి ఉండేది కాదు. గత దశాబ్దంలో అమెరికాలో ప్యూర్‌విక్ వంటి సాధనాలు వాడుకలోకి వచ్చాయి. అరటిపండులా వంగిన మెత్తని గొట్టానికి పీల్చే గుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని శరీరం బయటే, మూత్రద్వారానికి ఆనించి ఉంచుతారు. దాదాపు 40 మి.మీ. స్వల్ప చూషణ నిరంతరం ఉంటుంది. గుడ్డ తడిని గ్రహిస్తుంది, చూషణ ఆ తడిని పాత్రలోకి తీసుకుపోతుంది. గుడ్డగుండా గాలి ఆడుతూనే ఉంటుంది కాబట్టి చర్మానికి అతుక్కోదు. నేను చుట్టిన గుడ్డకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఈ కొనను 8 నుంచి 12 గంటలకు ఒకసారి, మలం అంటితే వెంటనే మార్చాలి. ఇది మలానికి పనికిరాదు.

(ఇ) మూత్రం, మలం రెండింటినీ తొలగించే స్వయంచాలక పరికరాలు: వీటిలో తొడల మధ్య అమరే గిన్నెలాంటి భాగం ఉంటుంది. పని ఈ క్రమంలో జరుగుతుంది:
1. సెన్సరు తడిని లేదా మలాన్ని గుర్తిస్తుంది.
2. పంపు మొదలై దాన్ని గొట్టం ద్వారా మూసిన పాత్రలోకి లాగుతుంది.
3. గోరువెచ్చని నీరు చిమ్మి ఆ భాగాన్ని కడుగుతుంది. ఆ నీటినీ లాగేస్తుంది.
4. వెచ్చని గాలి చర్మాన్ని ఆరబెడుతుంది.
5. బయటికి వదిలే గాలి వాసన పోగొట్టే వడపోత గుండా వెళుతుంది.

మలం మూత్రంలా పారదు. అందుకే ఇక్కడ పీడనం కంటే గాలి ప్రవాహ వేగం ముఖ్యం. మన మీదుగా పోయే వందేభారత్ రైళ్ల మరుగుదొడ్లలో మీట నొక్కగానే బుస్సుమనే శబ్దం వినే ఉంటారు. అక్కడ కొద్దిపాటి నీటితోనే, దూసుకుపోయే గాలి మలాన్ని తోసుకుపోతుంది. సూత్రం అదే. రైలు మరుగుదొడ్డిలో లోహపు పళ్లెం ఉంటుంది, ఇక్కడ వృద్ధుల పలుచని చర్మం ఉంటుంది. కాబట్టి బలాన్ని అదుపులో ఉంచడమే ఈ యంత్రాల రూపకల్పనలో అసలు కష్టం.

5.5 జపాన్ అనుభవం

కొత్తవలస పేరు రైల్వేలో కిరండూల్ పేరుతో కలిపి వినిపిస్తుంది. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవు ద్వారా జపాన్‌కు పంపడానికి 1960వ దశకంలో వేసిన మార్గం అది. ఆ ఖనిజంతో ఉక్కు పోసిన తరం ఈనాడు అక్కడ వృద్ధాప్యంలో ఉంది. అంత పెద్ద సంఖ్యలో వృద్ధులను చూసుకోవడానికి చేతులు చాలక, జపాన్ ఇలాంటి యంత్రాలపై ముందుగా దృష్టి పెట్టింది.

జపాన్‌లో 2000 ఏప్రిల్ నుంచి దీర్ఘకాలిక సంరక్షణ బీమా అమలులో ఉంది.  ఆ బీమా కింద అద్దెకు ఇచ్చే సాధనాలలో 2012 ఏప్రిల్ నుంచి మలాన్ని కూడా తొలగించే స్వయంచాలక పరికరాలు ఉన్నాయి. ఈ ఏర్పాటులో మనం నేర్చుకోదగిన అంశాలు రెండు ఉన్నాయి.

మొదటిది: యంత్రాన్ని అద్దెకు ఇస్తారు, శరీరానికి తగిలే గిన్నె, మలమూత్రాలు పారే గొట్టం, పాత్ర వంటి భాగాలను మాత్రం ఎవరివి వారు కొనుక్కోవాలి. ఒకరి శరీరాన్ని తాకినది మరొకరిని తాకకూడదన్న సూత్రమూ, ఖరీదైన యంత్రం చాలామందికి అందాలన్న ఉద్దేశమూ రెండూ ఇందులో నెరవేరుతాయి.

రెండవది: మలాన్ని కూడా లాగే యంత్రాన్ని అడిగిన అందరికీ ఇవ్వరు. సంరక్షణ అవసరాన్ని కొలిచే ఐదు స్థాయిలలో 4, 5 స్థాయిలలో ఉన్నవారికే సాధారణంగా అనుమతి ఉంటుంది. కారణం స్పష్టమే. లేచి కూర్చోగలిగిన మనిషికి యంత్రం తగిలిస్తే ఆ మనిషి లేవడం మానేస్తారు. పట్టుకొని నడిపిస్తే మరుగుదొడ్డి దాకా రాగలిగినవారికి సరైన సాధనం చేయూత. యంత్రం కాదు.

5.6 పరిమితులు, జాగ్రత్తలు

1. పాత్రలో మూత్రం లేదంటే మూత్రం తయారుకాలేదని అర్థం కాదు. ప్రోస్టేట్ వాపు, నరాల బలహీనత ఉన్నవారిలో మూత్రం మూత్రాశయంలోనే నిలిచిపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బితే, నొప్పి ఉంటే వెంటనే వైద్యునికి చూపాలి. బాహ్య చూషణ సాధనం ఈ సమస్యను తీర్చలేదు.

2. చర్మంపై పుండ్లు ఉన్నప్పుడు, రోగి కలవరంతో గొట్టాలు లాగేస్తున్నప్పుడు ఈ సాధనాలు వాడకూడదు.

3. పక్షవాతం, మధుమేహం ఉన్నవారికి వేడి, నొప్పి తెలియకపోవచ్చు. కడిగే నీటి వేడిని యంత్రంపై చూపే అంకెతో సరిపెట్టుకోక చేతితో పరీక్షించాలి.

4. రోజుకు కనీసం రెండుసార్లు పరికరాన్ని తీసి, ఆ భాగాన్ని వెలుతురులో కళ్లతో చూడాలి. నొక్కినా తెల్లబడని ఎర్రదనం ప్రమాద సూచన.

5. పాత్రను మరుగుదొడ్డిలో ఖాళీచేసి, ముందు నీటితో బాగా కడగాలి. ఆ తరువాతే బ్లీచింగ్ ద్రావణం వాడాలి. మూత్రం ఉండగానే బ్లీచింగ్ పోస్తే ఘాటైన విషవాయువులు పుడతాయి.

6. దుమ్ము లాగే ఇంటి యంత్రాలను, కఫం తీసే యంత్రాలను ఈ పనికి మార్చి వాడకూడదు.

7. కరెంటు పోతే ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తరువాత మా ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అమ్మ పడుకొన్న గాలి పరుపు పంపు ఆగి, పరుపు చదునైపోయింది. లాంతరు వెలుగులో గడియారం చూసుకొంటూ రెండు గంటలకొకసారి ఆమెను పక్కకు తిప్పాం. పాత చీరలు మడతలు వేసి కింద పరిచాం. ఆ రోజుల్లో ఆమెకు ఒక్క పుండు కూడా పడలేదు. యంత్రం ఉన్న ఇంట్లో కూడా చేతి పని అందరికీ వచ్చి ఉండాలి.

5.7 మన ఇళ్లలో నిర్ణయం ఎలా తీసుకోవాలి

ముందుగా ప్రస్తుత ఖర్చు లెక్క వేయండి. రోజుకు 4 డైపర్లు, ఒక్కొక్కటి 35 రూపాయలు అనుకొంటే నెలకు 4 × 35 × 30 = 4,200 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను అందుతోంది. ఆ మొత్తంలో డైపర్ల వాటా ఎంత, చూసుకొనే మనిషి జీతం ఎంత, మందులకు ఎంత మిగులుతుందో కాగితంమీద రాయండి. యంత్రం కొంటే దాని ధరతోపాటు తరచూ మార్చవలసిన భాగాల నెలసరి ఖర్చు కూడా కలపాలి. చాలామంది మరిచేది ఈ రెండవ ఖర్చునే. యంత్రం ఒకసారే కొంటాం. కొనలు, గొట్టాలు మాత్రం కొంటూనే ఉండాలి.

తరువాత ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:
- రోగి స్వయంగా గాని, సాయంతో గాని లేవగలరా? లేవగలిగితే మంచం పక్కన కమోడ్ కుర్చీ, మూత్రపాత్ర, బెడ్‌ప్యాన్ చాలు.
- సమస్య మూత్రమా, మలమా, రెండూనా? మూత్రమే అయితే చిన్న సాధనం సరిపోతుంది.
- రాత్రిపూట చూసుకొనేవారు ఉన్నారా? లేకపోతే రాత్రికి మాత్రమే పరికరం వాడి, పగలు చేతితో శుభ్రం చేయవచ్చు.
- రోగి ఒప్పుకొన్నారా? ఇది ఆ మనిషి శరీరానికి సంబంధించిన విషయం. మాట పడిపోయినవారు కూడా కళ్లతో, చేతితో తమ ఇష్టాన్ని చెప్పగలరు.

నాలుగు ప్రశ్నలకూ జవాబు వచ్చాక వైద్యునితోనో, నర్సుతోనో మాట్లాడి నిర్ణయించాలి. ఒక్క కుటుంబం భరించలేని యంత్రాన్ని నలుగురు భరించవచ్చు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన సంరక్షణ కృషి తరువాతి కాలంలో ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలతో ఇళ్లకు చేరింది. అలాంటి బృందం మండలానికి ఒకటి ఉంటే, జపాన్ పద్ధతిలో యంత్రాన్ని అద్దెకిచ్చి, విడిభాగాలను మాత్రం ఎవరివి వారికి ఇవ్వడం కష్టమేమీ కాదు. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీ కోసమే ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 2018 డిసెంబరులో ప్రారంభమైంది. మన వాతావరణానికి, మన నులక మంచాలకు, మన కరెంటుకు తగిన చవకైన పరికరం ఇక్కడే తయారుకావాలని కోరుకోవడంలో తప్పు లేదు.

అమ్మ విషయంలో చివరికి మేము చేసినది చిన్న పని. పూటకు ఇన్ని గ్లాసులని గోడమీద కాగితం అంటించి, తాగించిన ప్రతి గ్లాసుకూ గీత పెట్టాం. బట్టలు మార్చే వేళలు ముందే నిర్ణయించాం. "ఎలాగూ మార్చే వేళకు మారుస్తాం, నువ్వు తాగినా తాగకపోయినా" అని చెప్పాం. కొన్నాళ్లకు ఆమె తానే నీళ్లు అడగడం మొదలుపెట్టింది. ఏ యంత్రం కొన్నా, కొనకపోయినా, ఆ ధైర్యాన్ని రోగికి ఇవ్వడమే ఈ పని ఉద్దేశం.

5.8 సారాంశం

మూత్రం, మలం కలిసి చర్మపు ఆమ్లగుణాన్ని పోగొట్టి పుండ్లకు దారితీస్తాయి. చూషణ పరికరం వాతావరణ పీడనం సాయంతో తడిని తొలగిస్తుంది. శరీరానికి తగిలే కొన దగ్గర గాలికి దారి ఉండటం భద్రతకు ముఖ్యం. గురుత్వాకర్షణతో పనిచేసేవి, మూత్రానికి మాత్రమే పనికివచ్చే చూషణ సాధనాలు, రెండింటినీ తొలగించే స్వయంచాలక యంత్రాలు అని ఇవి మూడు రకాలు. పరికరం రోగిని పక్కకు తిప్పడాన్ని, చర్మాన్ని పరిశీలించడాన్ని భర్తీ చేయలేదు.

5.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 100 మి.మీ. పాదరస చూషణ నీటిని ఎంత ఎత్తుకు లేపగలదు?
2. మూత్రం, మలం విడిగా కంటే కలిసి ఎక్కువ హాని ఎందుకు చేస్తాయి?
3. చూషణ గొట్టం చర్మానికి పూర్తిగా అతుక్కొంటే ఏం జరుగుతుంది?
4. మీకు తెలిసిన ఇంట్లో మంచానపడినవారు ఉంటే, వారు రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతున్నారో మూడు రోజులు గమనించి రాయండి. తక్కువగా తాగుతుంటే కారణం అడిగి తెలుసుకోండి.

జవాబులు: 1. 100 × 13.6 = 1,360 మి.మీ., అంటే 136 సెంటీమీటర్లు. 2. 5.2.1 చూడండి. 3. 5.3లోని మూడవ నియమం చూడండి. 4. దీనికి జవాబు మీరు చూసే మనిషి దగ్గర ఉంది.